వెర్నా పారేయని ఉప్పునీళ్ళు

వెర్నా కాడిల్ కుదురుగా కూర్చోవడం గ్రాసీ ఫోర్క్‌లో ఎవరూ చూడలేదు. చర్చిలో కూడా వెనక గోడకు ఆనుకుని నిలబడే ప్రసంగం వింటుంది. మందుల షాపు ఆమె తండ్రిది, ఆయన పోయాక ఆమెది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ కౌంటరు వెనక ఆమె నడిచిన నడకంతా ఒకచోట చేరిస్తే మా తూర్పు కెంటకీ కొండలన్నీ రెండుసార్లు చుట్టి రావచ్చని ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. నలభై మైళ్ళ రోడ్డు మీద చీటీ చూసి మందు ఇచ్చే మనిషి ఆమె ఒక్కతే. ఆవిడ కూర్చుంటే నిలబడేవాళ్ళు లేరు.

తండ్రి దగ్గర ఆమెకు రెండు అలవాట్లు వచ్చాయి. మాత్రలు రెండుసార్లు లెక్కపెట్టడం ఒకటి. సగం మిగిలిన సీసా పారేయకపోవడం రెండోది. ఆ పెద్దాయన గని సమ్మె రోజుల్లో, ఊరంతా పస్తులున్నప్పుడు, సీసాల అడుగున మిగిలిన దగ్గుమందు కలిపి పిల్లలకు ఊరికే పోసేవాడట. అది చూసి పెరిగిన పిల్ల కదా, దూదిముక్కకూ దారప్పోగుకూ కూడా ఏదో ఒక పని చూపించేది. షాపు వెనక గది చూస్తే మందుల గోదామో పాత సామాన్ల కొట్టో తెలిసేది కాదు. మంచి అలవాటే. కాదని ఎవరనగలరు? ఆ మంచి అలవాటే ఆమెను నిలువునా ముంచబోయింది.

మాయరోగం వచ్చిన రెండో ఏడు, కౌంటీలో టీకాలు వేయాల్సిన నర్సమ్మ పెద్దాసుపత్రికి వెళ్ళిపోయింది. ఇక మందుల షాపులవాళ్ళే టీకాలు వేయాలని పైనుంచి కబురు వచ్చింది. అప్పటికి వెర్నాకు అరవై ఒకటి. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరికీ సూది వేయలేదు. ఫ్లూ టీకాలు వేయమని పదేళ్ళుగా అడిగినా, నాది మాత్రల పని, నెత్తుటి పని కాదని తప్పించుకు తిరిగింది. నిజం చెప్పాలంటే ఆమెకు సూదంటే భయం. మందుల షాపు నడిపే మనిషికి సూదంటే భయమని ఎవరితో చెప్పుకుంటుంది?

ఈసారి తప్పించుకునే దారి లేకపోయింది. ఒకపూట శిక్షణకు వెళ్ళి కాగితం తెచ్చుకుంది. డజను నారింజకాయలు కొని వాటిని పొడిచి పొడిచి తూట్లు చేసింది. షాపులో పనిచేసే ట్వైలా, పాతికేళ్ళుగా వెర్నా నడకకు అడ్డం రాకుండా బతకడం నేర్చుకున్న మనిషి, మొదటి సూదికి తన చెయ్యే చాపింది. "నారింజకాయ అరవదు. నేను అరుస్తాను, ముందే చెబుతున్నా," అంది. అరవలేదు. వెర్నాకే కళ్ళు తిరిగి తలుపు పట్టుకుంది.

వసంతంలో వేయించుకోవాలనుకున్నవాళ్ళంతా వచ్చి వేయించుకున్నారు. వేసవి అయ్యేసరికి కుర్చీ ఖాళీ. ఆగస్టులో రోగం రెండోసారి, మొదటిదానికి తాత లాగా వచ్చిపడింది. ఆసుపత్రి వరండాల్లో మంచాలు. రోగుల్ని మోసుకెళ్ళే హెలికాప్టరు కొండ మీదుగా తిరుగుతుంటే వెర్నా మాత్రలు లెక్కపెడుతూ పెడుతూ ఆగి, అది ఎటు వెళ్తోందో కిటికీలోంచి చూసేది. లిక్‌లాగ్ లోయ వైపు వెళ్తే ఆమె ప్రాణం కాలు కాలిన పిల్లిలా తిరిగేది. ఎందుకంటే ఆ లోయలోని పదకొండు ఇళ్ళలో ఒక్కరూ టీకా వేయించుకోలేదు.

లోయ మొత్తం ఎమిట్ ఫ్యూగేట్ వైపు చూస్తోంది. ఎమిట్‌కు డెబ్బై నాలుగు. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుని, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో బతికే మనిషి. గనిలో ఆయన పని ఏమిటో తెలిస్తేగాని లోయవాళ్ళు ఆయన వైపు ఎందుకు చూస్తారో అర్థం కాదు. ప్రతి షిఫ్టుకూ ముందు ఆయన ఒక్కడే దీపం పట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. విషవాయువు ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసి, గోడ మీద సుద్దముక్కతో తన పేరులోని రెండక్షరాలూ ఆ రోజు తేదీ రాసి బయటికి వచ్చేవాడు. ఆ రాత కనబడితేనే మిగతావాళ్ళు లోపలికి అడుగుపెట్టేది. ఇరవై రెండేళ్ళు అదే పని. గని మూతపడి పదిహేనేళ్ళయినా లోయవాళ్ళకు ఆ అలవాటు పోలేదు. పిల్లను ఏ కాలేజీకి పంపాలన్నా, సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొనాలన్నా, ఎమిట్ ముందు చూసి రావాల్సిందే.

వెర్నా ఐదు నెలలు ఆయన వెంటపడింది. ఆయన పీల్చే మందు కోసం వచ్చినప్పుడల్లా బతిమాలింది, కోప్పడింది, ఒకసారి మందు సంచీ ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని వాదించింది. ఆయనది ఒకటే మాట. "అందులో ఏముందో నువ్వు కళ్ళారా చూశావా చెల్లెమ్మా? ఎవరో కాగితం మీద రాసిస్తే నమ్మావు. కాగితాల సంగతి నాకు తెలుసు." ఇద్దరిదీ ఒకే చర్చి కాబట్టి చెల్లెమ్మా, అన్నా అనే పిలుపులు. పోట్లాట కూడా ఆ పిలుపులతోనే.

సెప్టెంబరు మొదట్లో ఎమిట్‌తో గనిలో పనిచేసిన కోయ్ బ్యాక్ ఈ రోగంతోనే ఆసుపత్రిలో గొట్టాల మధ్య పోయాడు. ఇద్దరూ కలిసి వేటకుక్కల్ని వెంటేసుకుని రకూన్లనే అడవి జంతువులను చెట్లెక్కించి వేటాడే జోడీ. పూడ్చిపెట్టిన మర్నాడు ఎమిట్ షాపుకు వచ్చాడు. తన కుక్క బెల్‌ను రకూన్ చెవి దగ్గర చీరిందని, పుండు కడగడానికి కాసిని ఉప్పునీళ్ళు ఉంటే ఇవ్వమని అడిగాడు. ఇచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే, "గురువారం పొద్దున తొమ్మిదింటికి నా పేరు రాసుకో," అన్నాడు. ఆ సాయంత్రానికే లోయనుంచి ఒక్కొక్కరూ ఫోను చేసి, ఎమిట్‌కు ఏమీ కాకపోతే పై గురువారం తామూ వస్తామన్నారు. వెర్నా పెన్సిలుతో రాసుకుంది. పదకొండు పేర్లు.

ఇప్పుడు ఆ గురువారం సంగతి.

టీకా మందు చిన్న సీసాలో చిక్కగా వచ్చేది. అందులో కొలత ప్రకారం ఉప్పునీళ్ళు కలిపితే ఆరుగురికి సరిపోతుంది. ఒక సీసాకు కలపగానే మిగిలిన ఉప్పునీళ్ళ సీసాను అక్కడికక్కడే చెత్తబుట్టలో పడేయాలని శిక్షణలో ఒకటికి మూడుసార్లు చెప్పారు. వెర్నా పడేసేది కాదు. శుభ్రమైన నీళ్ళు సగం సీసా, ఎలా పడేస్తుంది? ఎమిట్ కుక్క పుండుకు పనికొస్తాయని ట్రేలో ఓ పక్కన పెట్టేది. ఆ వారం ఉప్పునీళ్ళు కూడా టీకా సీసాలంతే ఉన్న చిన్న సీసాల్లో వచ్చాయి. మూతలు ఊడదీశాక రెండింటికీ ఒకే బూడిదరంగు రబ్బరు.

పొద్దున తొమ్మిది దాటి ఐదు నిమిషాలకు ఆమె మందు కలిపింది, సీసా మీద టైము రాసింది. అంతలో ఒకావిడ, తన మొగుడికి ఊపిరాడటం లేదు, పెదాలు నీలమయ్యాయని పరుగెత్తుకొచ్చింది. వెర్నా కలిపిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి బయటికి పరుగెత్తింది. అంబులెన్సుకు ఫోను చేసి, అది వచ్చేదాకా ట్రక్కులో ఉన్న ఆయన పక్కనే నిలబడి, చేతులు కడుక్కుని తిరిగొచ్చేసరికి ఆరుగురు కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు. అందరికంటే ముందు ఎమిట్, చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉన్నాడు. వెర్నా ఇంకా ఆ నీలం పెదాల గురించే ఆలోచిస్తోంది. ట్రేలో ఉన్న సీసా తీసుకుని ఆరు సిరంజిలు నింపింది.

సాయంత్రం షాపు మూసేముందు ఫ్రిజ్ తుడుస్తున్న ట్వైలా ఒక సీసా పైకెత్తి పట్టుకుంది. దాని మీద వెర్నా చేతిరాత, 9:05. నిండుగా ఉంది.

వెర్నా ట్రేలో చూసింది. సగం ఉండాల్సిన ఉప్పునీళ్ళ సీసా అడుగంటి ఉంది. రెండుసార్లు చూసింది, మూడోసారి కూడా చూసింది, చూసినంత మాత్రాన నీళ్ళు పెరుగుతాయా? మధ్యాహ్నం ఆరుగురికి వేసింది కొత్త సీసాలోంచి, అది సరిగ్గానే వేసింది. పొద్దుటి ఆరుగురికి మాత్రం పొడిచింది వట్టి ఉప్పునీళ్ళు. అందులో మొదటివాడు ఎమిట్.

ట్వైలా తలుపు గడియ వేసి వచ్చి మెల్లగా చెప్పింది. ఉప్పునీళ్ళకు ఎవరూ చచ్చిపోరు. మూడు వారాలకు రెండో సూదికి ఎలాగూ వస్తారు, అప్పుడు అసలుది వేద్దాం. ఆ తరవాత ఇంకోటి కావాలని ఏదో ఒకటి చెప్పి మళ్ళీ పిలుద్దాం. "ఇప్పుడు చెప్పావనుకో, ఆ లోయలోంచి ఒక్క పురుగు కూడా ఇటు రాదు. పదకొండు పేర్లూ పోతాయి. నీ లైసెన్సు పోతే ఊరికి మాత్రలిచ్చే దిక్కు కూడా ఉండదు. కాస్త ఆలోచించు," అంది. తప్పుడు మనిషేం కాదు ట్వైలా. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్కా అబద్ధం లేదు, అదే వెర్నాను తినేసింది.

శుక్రవారమంతా ఆమె నడుస్తూనే ఉంది. కౌంటరు ఆ చివరనుంచి ఈ చివరకు, వెనక గదిలోకి, మళ్ళీ ముందుకు. మాత్రలు లెక్కపెట్టి మరచిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం టీకా కంపెనీ వాళ్ళ నంబరుకు పేరు చెప్పకుండా ఫోను చేసి అడిగింది. ఉప్పునీళ్ళతో ప్రమాదం లేదు, వీలైనంత త్వరగా అసలు మందు వేయండి, వాళ్ళకు చెప్పండి, పై ఆఫీసుకు రాసి పంపండి అన్నారు. వాళ్ళకు చెప్పండి అనడం ఎంత తేలిక! ఫోనులో ఉన్న అమ్మాయి ఎమిట్ ఫ్యూగేట్‌ను చూసిందా, లిక్‌లాగ్ దారి ఎక్కిందా? మూడు వారాలు. ఈ మూడు వారాల్లో ఎమిట్ తనకు టీకా ఉందని ధైర్యంగా నలుగురిలో తిరుగుతాడు. ఆ ఊపిరితిత్తులతో ఒక్కసారి తగిలితే ఆయన మూడు రోజులు కూడా ఆగడు. చెబితే, ఇక ఏ సూదీ వేయించుకోడు. అప్పుడూ ఆగడు. ఎటు నడిచినా అదే గోడ.

పైగా సాయంత్రం పెట్రోలు బంకునుంచి ట్వైలా ఒక కబురు మోసుకొచ్చింది. టీకా దెబ్బకు ఎమిట్ మంచం పట్టాడట. రోజంతా దుప్పటి కప్పుకుని, చలి, ఒళ్ళునొప్పులు. లేచి, గట్టి మందే, అయినా తట్టుకున్నానని లోయలో అందరికీ చెబుతున్నాడట. వెర్నాకు ఒక్క క్షణం పిచ్చి ఆశ పుట్టింది. జ్వరం వచ్చిందంటే అసలు మందే వేశానేమో! ఫ్రిజ్ తెరిచి ఆ సీసా మళ్ళీ చూసింది. నిండుగానే ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం షాపు మధ్యాహ్నం దాకానే. మిగతా ఐదుగురికంటే ముందు ఎమిట్‌కు, ఎదురుగా నిలబడి చెప్పాలని నిర్ణయించుకుంది. మరొకరి నోట వింటే ఆయన చచ్చినా నమ్మడు. రోడ్డు సగం దూరం వెళ్ళి, మొక్కజొన్న చేను దగ్గర బండి ఆపి, దిగి, చుట్టూ రెండుసార్లు తిరిగి మళ్ళీ ఎక్కింది.

ఎమిట్ వరండాలో కూర్చుని దారానికి బీన్స్ కాయలు గుచ్చుతున్నాడు, చలికాలానికి ఎండబెట్టడానికి. ఆక్సిజన్ డబ్బా కాళ్ళ దగ్గర గుసగుసలాడుతోంది. బెల్ తోక ఊపింది. చెవి పుండు మానుతోంది. ఆయన ఈమెను చూడగానే హుషారుగా తన జ్వరం కథ ఎత్తుకున్నాడు. దుప్పట్లు ఎన్ని కప్పుకున్నాడో, పళ్ళు ఎలా కొట్టుకున్నాయో, కూతురు ఎంత భయపడిందో. వెర్నా మెట్టు మీదే నిలబడి ఆ కథ మొత్తం వింది. మధ్యలో ఆపే ధైర్యం చాల్లేదు. అయిపోయాక చెప్పింది.

సీసాలు, ఫ్రిజ్, నీలం పెదాల మనిషి, అన్నీ చెప్పింది. చెత్తబుట్టలో వేయాల్సినదాన్ని ఎందుకు ట్రేలో ఉంచిందో కూడా చెప్పింది. "నీ కుక్క కోసం దాచాను అన్నా. దానికని దాచింది నీకు పొడిచాను. పారేయమని చెప్పారు, పారేయలేదు. తప్పు నాది."

ఎమిట్ సూది కాయలో ఉంచి అలాగే చూశాడు. వెర్నా కాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి.

"మరి ఆ జ్వరం?" అన్నాడు చివరికి.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, గనిలో అందరికంటే ముందు అడుగుపెట్టినవాడు, చెంచాడు ఉప్పునీళ్ళకు దుప్పట్లో మూలిగాడు. లోయంతా ఆ కథ విన్నది.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు, ట్వైలాకు. ఇక్కణ్ణుంచి వెళ్ళి మిగతా ఐదుగురికీ చెబుతాను. పై ఆఫీసుకు రాస్తాను."

"నేను వద్దంటే?"

"అయినా చెప్పాలి అన్నా."

ఆయన దారం పక్కన పెట్టాడు. కొండ వైపు, పాత గని నోరు ఉన్న వైపు చూస్తూ మాట్లాడాడు. దమ్ము చాలక మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. గనిలో దుమ్ము ఎంత ఉందో కొలిచే చిన్న పెట్టె ఒకటి ఉండేదట. బొగ్గు తవ్వేచోట మనిషి నడుముకు కట్టాలి. తనిఖీ రోజుల్లో మేస్త్రీ దాన్ని తన అన్నం డబ్బాలో పెట్టి మూత వేసి, శుభ్రమైన గాలి వచ్చేచోట ఉంచేవాడు. గాలి బాగుందని కాగితం వచ్చేది. "నాకు తెలుసు చెల్లెమ్మా. కళ్ళతో చూశాను. చూసి కూడా గోడ మీద సుద్దతో నా పేరు రాశాను. గ్యాస్ లేదు, కప్పు పడదు, అంతవరకే నా పని అనుకున్నాను. ఆ రాత చూసి కోయ్ లోపలికి వచ్చాడు. వాడి ఊపిరితిత్తులు ముందే పోయాయి, ఈ రోగం వచ్చి ఊదేసింది అంతే." ఆగి గాలి పీల్చుకున్నాడు. "గని వాళ్ళు ఒక్కరూ ఈ మెట్లెక్కి, తప్పు చేశాం ఎమిట్ అని చెప్పలేదు. నేనూ ఎవరి మెట్లూ ఎక్కలేదు."

వెర్నా అసలు మందు తనతో తెచ్చానని, ఇప్పుడే వేస్తానని అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇప్పుడు వెళ్ళు," అన్నాడు. అంతే. వస్తానని గాని రానని గాని అనలేదు.

ఆ సాయంత్రం ఐదుగురికీ చెప్పింది. బడి బస్సు నడిపే ఆయన పడీపడీ నవ్వి సోమవారం వస్తానన్నాడు. ముసలి దంపతులు ఆమెనే ఓదార్చారు, అది ఇంకా కష్టంగా అనిపించింది. ఒకావిడ మాట పూర్తికాకుండానే ఫోను పెట్టేసింది. ఐదోవాడు లాయరు పేరెత్తాడు. పై ఆఫీసుకు జరిగింది జరిగినట్టు రాసి పంపింది. వాళ్ళు వచ్చి చూస్తారు, అంతవరకు పని ఆపనక్కరలేదని జవాబు వచ్చింది.

ఇక ఊరు ఊరుకుంటుందా! ఆదివారం చర్చిలోనే మొదలైంది. వెర్నా దగ్గర తలనొప్పి మాత్ర కొన్నా ముందు నాకి చూడండి, ఉప్పగా ఉంటే వెనక్కిచ్చేయండి అని ఒకడు వేళాకోళం. మేం చెప్పలేదా అంతా మోసమేనని మరొకడు. ముఖం మీద అనలేనివాళ్ళు ఆమె వచ్చేసరికి మాట మార్చారు. లోయనుంచి ఒక్కొక్క ఫోనూ వచ్చింది, పేరు కొట్టేయమని. వెర్నా రబ్బరు పట్టుకుని చెరుపుతూ పోయింది. బుధవారానికి పదకొండులో నాలుగు మిగిలాయి. ఎమిట్ ఫోను ఎత్తలేదు. రెండుసార్లు లోయ దారి పట్టి, రెండుసార్లూ సగం నుంచి తిరిగొచ్చింది. ఆయన్ను బలవంతపెట్టే నోరు తనకు ఇంకెక్కడుంది? హెలికాప్టరు చప్పుడు వినబడితే చేతిలో పని వదిలి కిటికీ దగ్గరికి పరుగెత్తేది.

గురువారం వచ్చింది. తొమ్మిదింటికి షాపులో ఏడుగురు ఉన్నారు. లోయవాళ్ళు నలుగురు, గోడకు అతుక్కుపోయి. అందులో కోయ్ భార్య లూడీ ఒకతె, నల్ల స్వెటర్‌లో చేతులు కట్టుకుని. ఎవరూ కుర్చీలో ముందు కూర్చోవడం లేదు. నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని కళ్ళతోనే తోసుకుంటున్నారు. ట్వైలా గొంతు సవరించుకుంది. గడియారం తొమ్మిదింపావు దాటింది.

అప్పుడు గుమ్మం దగ్గర చక్రాల చప్పుడైంది. ఎమిట్ ఆక్సిజన్ డబ్బాను ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. ఎవరివైపూ చూడకుండా నేరుగా కుర్చీ దాకా వెళ్ళాడు. కూర్చోలేదు. వీపు పట్టుకుని నిలబడి, దమ్ము తీసుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు.

"పోయిన గురువారం ఈవిడ నాకు నా కుక్కకు పోసే ఉప్పునీళ్ళు పొడిచింది. అది మీకు తెలుసు. తెలియనిది నేను చెబుతాను. ఆ ఉప్పునీళ్ళకే నేను రోజంతా దుప్పటి కప్పుకుని మూలిగాను. గట్టి మందు తట్టుకున్నానని మీ ఇళ్ళకొచ్చి గొప్పలు చెప్పాను. నవ్వుకోండి."

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే అందరూ పగలబడ్డారు. ఎమిట్ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. నవ్వు తగ్గేదాకా అలాగే నిలబడి, అప్పుడు కూర్చున్నాడు.

"ఏదీ, సీసా చూపించు. కాగితం వద్దు."

వెర్నా అందరి ముందు మందు కలిపింది. కలిపిన సీసాను దీపం కింద పట్టుకుని చూపించింది. పాలు రెండు చుక్కలు పడ్డ నీళ్ళలా లేత తెలుపు. పక్కన ఉప్పునీళ్ళ సీసా పెట్టింది, తేటగా ఉంది. ఎమిట్ కళ్ళజోడు పెట్టుకుని రెండింటినీ మార్చిమార్చి చూశాడు. తల ఊపాడు. వెర్నా ఉప్పునీళ్ళ సీసాను, సగం మిగిలినదాన్ని, తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. అది అడుగున ఠంగుమంది. ట్వైలా నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. పాతికేళ్ళలో ఆ షాపులో అలాంటి చప్పుడు ఆమె వినలేదు.

"మరి నా కుక్కకో?" అన్నాడు ఎమిట్.

"మూత తీయని సీసా అలమారలో ఉంది. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. చెయ్యి ఇటు తిప్పు అన్నా."

ఆయన కండ వదులు చేసి ఎదురుచూశాడు. ఆమె ఊపిరి బిగబట్టి పొడిచింది.

పదిహేను నిమిషాలు కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. చొక్కా జేబులోంచి అరిగిపోయిన సుద్దముక్క తీశాడు. కుర్చీ పక్కన ఆకుపచ్చ రంగు వేసిన గోడ మీద వంగి, నెమ్మదిగా, గని గోడ మీద రాసినంత పెద్దగా రాశాడు. ఈ.ఎఫ్. కింద తేదీ. చేతులు దులుపుకుని పక్కకు జరిగాడు.

లూడీ గోడనుంచి విడివడి ముందుకొచ్చింది. ఆ రాతను చాలాసేపు చూసింది. ఎమిట్ వైపు మాత్రం చూడలేదు. కుర్చీలో కూర్చుని స్వెటర్ చెయ్యి పైకి లాక్కుంటూ, వెర్నాకు మాత్రమే చెబుతున్నట్టు, కాని అందరికీ వినబడేలా అంది:

"సోమవారం మా మెట్లెక్కి వచ్చాడు. ఆ అన్నం డబ్బా సంగతి మొత్తం చెప్పాడు. నేను ఇంకా క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలియదు. ఆయనకు చెప్పడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, మా ఆయన పోయాడు. నీకు రెండు రోజులు పట్టింది." చెయ్యి చాపింది. "ఊఁ, పొడువు."

వెర్నా సీసాను మళ్ళీ దీపం కింద పట్టుకుని లూడీకి చూపించింది.